అంగడియు, ఇంటిగుట్టును

ఇంటిగుట్టు లంకకు చేటను సామెత మన యిండ్లలో పసిపిల్లలకు సైతము తెలియును. అయినను గుట్టనగా నేమని యడిగినచో, తప్పును దాచుటయే గుట్టని పలువురు చెప్పుదురు. మా యభిప్రాయమది కాదు. ఏ మాట ఎవరికి, ఎప్పుడు, ఎంతవఱకు చెప్పవలెనో నిర్ణయించుకొను నధికారమే గుట్టు. పిల్లకు సంబంధము చూచుచున్నామని, అది కుదురువఱకు నలుగురిలో చెప్పము. జబ్బు చేసినయెడల వైద్యునకు చెప్పెదము గాని వీధిలో చాటము. జీతమెంతయో, అప్పెంతయో ఆలుమగలకు తెలియును, అతిథులకు తెలియదు. వీనిలో నేదియు నేరము కాదు, సిగ్గుపడవలసినదియు కాదు. ఈ యధికారమున్నప్పుడే సంసారమునకు మర్యాదయు, మనిషికి స్వాతంత్ర్యమును నిలుచును. పది పదునైదేండ్లనుండి అంగడి మన చేతిలోని ఫోనులో కూర్చుండి నట్టింటికి వచ్చినది. వచ్చి, మనకు తెలియకుండగనే యీ యధికారమును కొంచెము కొంచెముగా తన వశము చేసికొనుచున్నది. ఈ సంగతిని గూర్చియే మా చదువరులతో నాలుగు మాటలు చెప్పదలచితిమి.

పూర్వపు టంగడిని పొగడుటకు మేము పూనుకొనలేదు. మేము పెరిగిన వీధిలో నొక చిల్లర కొట్టుండెను. ఆ శెట్టిగారి ఖాతా పుస్తకములో మా యింటిదొక పుట. నెలకు కందిపప్పెంత, నూనె యెంత, పంచదార యెంత యను సంగతి మా తల్లికెంత తెలియునో ఆయనకు నంతయే తెలియును. కాఫీపొడి నెలలో రెండుమారులు తెప్పించినచో "చుట్టములు వచ్చినారా అమ్మా?" యని యడిగెడివాడు. అయితే ఆయన మమ్ము నెఱిగినట్లే మేమును ఆయన నెఱుగుదుము. ఆయన తూనికరాళ్ల సంగతి, ఆయన కోపము, ఆయన కొడుకు చదువు, సమస్తమును వీధికి విదితమే. మా పద్దును తెఱచి చూపుమని యడుగవచ్చును. తప్పు పడినచో కొట్టివేయింపవచ్చును. ఆ పుస్తకము ఆ కొట్టు గడప దాటి పోయెడిది కాదు.

కాని ఆ యెఱుకకు నొక కన్నుండెను. ఆ కన్ను ఆడువారి మీదనే యెక్కువగా వ్రాలుచుండెను. నెలసరి ప్యాడ్లు కొనబోయిన పిల్ల, కొట్టులోని మగవారందఱు వెడలిపోవువఱకు నొక మూల నిలువబడి, పాత వార్తాపత్రికలో చుట్టియిచ్చిన పొట్లమును నేరము చేసినదానివలె పైటచాటున దాచుకొని వచ్చెడిది. భర్త పోయిన స్త్రీ రంగుచీరను బేరమాడెనా, ఆమె యిల్లు చేరకముందే ఆ కబురు ఇల్లు చేరెడిది. అంతర్జాలపు టంగడి యిట్టివారికి నిజముగా మేలు చేసినది. మూసిన పెట్టెలో వస్తువు గుమ్మమునకు వచ్చును. లోపల నేమున్నదో ఎదురింటివారికి తెలియదు. పట్టణములో తప్ప దొరకని పుస్తకము పల్లెలోని పిల్ల చేతికి వచ్చును. ఈ మేలును మఱచి, ఫోను పాడుచేసినది, ఫోను చెడగొట్టినది యని గోలపెట్టువారితో మాకు పొత్తు లేదు. అయితే, అదే యంగడి మనలను ఎదురింటి కంటినుండి తప్పించి, మనమెన్నడును ముఖము చూడని వాని ఖాతాకు ఎక్కించినది. ఒక చెఱ విడిచి మఱియొక చెఱకు పోవుట విడుదల యగునా?

ఈ క్రొత్త ఖాతా యెట్లు పుట్టినదో కొంచెము తెలిసికొనుట మంచిది. మొదట అంతర్జాలమునకు జ్ఞాపకము లేదు. ఒక పుటను చూచి మఱియొక పుటకు పోయినచో, వచ్చినవాడు ఇందాకటివాడేనని దుకాణమునకు తెలియకుండెను. బుట్టలో వేసిన వస్తువు మఱుపుటలో మాయమగుచుండెను. 1994లో నెట్‌స్కేప్ అను సంస్థలో పనిచేయుచుండిన లూ మాంటుల్లి ఈ చిక్కును తీర్చుటకు, వచ్చినవాని యంత్రములోనే యొక చిన్న గుర్తును వ్రాసిపెట్టు ఉపాయమును కనిపెట్టెను. దానికే కుకీ యని పేరు. ఆ సంవత్సరము అక్టోబరులోనే హాట్‌వైర్డ్ అను అంతర్జాల పత్రికలో పట్టీవంటి ప్రకటనలు వెలసినవి. బుట్టను గుర్తుంచుకొనుటకు పుట్టిన కుకీ, కొలది కాలములోనే ప్రకటనలవారి చేతికి చిక్కి, మనిషిని గుర్తుంచుకొనుటకు పనికివచ్చినది. పది దుకాణములలో నొక్క ప్రకటనలవాడే యున్నచో, ఆ పది దుకాణములలో మన మేమి చూచితిమో వానికి తెలియునుగదా! నేడు ఫోనునకే యొక ప్రకటనల గుర్తింపు సంఖ్య యున్నది. మన మొక పుటను తెఱచినంతనే, ఈ మనిషికి ప్రకటన చూపుటకెవ్వ రెంత యిత్తురని యంత్రములు తమలో తాము వేలము పాడుకొనును. ఆ వేలము కనుఱెప్ప వాల్చునంతలో ముగియును. అందులో పాడబడు సరుకు మనము చూచు వస్తువు కాదు; మన చూపు.

ఇక కొనుగోళ్ల సంగతి. మా చిన్నతనమున కొనవలెనను కోరికకును కొనుటకును నడుమ కొంత యెడముండెను. నెల మొదట జాబితా వ్రాయవలెను. జీతము రావలెను. బట్టలన్నచో సంక్రాంతియో దసరాయో రావలెను. అంగడికి నడచి పోవలెను. జేబులోనుండి నోటు తీసి లెక్కపెట్టి యియ్యవలెను. ఈ యెడములో సగము కోరికలు తమంత తామే చల్లారిపోయెడివి. దీనిని పొదుపని యెవ్వరును పిలువలేదు గాని, మధ్యతరగతి సంసారములను గట్టెక్కించిన పొదుపు ఇదియే. వ్యాపారి దృష్టిలో ఈ యెడమొక యడ్డంకి. ఒక్క నొక్కుతో కొనుగోలు ముగించు పద్ధతికి అమెజాను సంస్థ 1999లో అమెరికాలో పేటెంటు పొందినదన్నచో, ఆ యడ్డంకిని తొలగించుటలో ఎంత లాభమున్నదో తెలియును. మనదేశమున 2016లో చౌకధర డేటాయు, యూపీఐ చెల్లింపులును ఒక్క యేడే వచ్చినవి. కూరలమ్ము నవ్వకు సైతము చిల్లర బాధ తీఱినదని మేము సంతసించితిమి, నేటికిని సంతసింతుము. కాని నోటు చేయి విడుచునప్పటి చిన్న నొప్పి పోవుటతో, ఆ నొప్పి చెప్పెడి బుద్ధియు పోయినది.

కోరికను తొందరపెట్టు తంత్రములు వేఱుగ నున్నవి. "ఇంక రెండే మిగిలినవి", "పది నిమిషములలో ధర పెరుగును" అని గడియారము నడుపుట యొకటి. మన మెన్నని వస్తువును బుట్టలో చేర్చుట యొకటి. వలదన్న వానిని "నాకు ఆదా అక్కరలేదు" అను మాట నొక్కించి సిగ్గుపఱచుట యొకటి. చందాలో చేరుటకు నొక్క మెట్టు పెట్టి, విడిపించుకొనుటకు పది మెట్లు పెట్టుట యొకటి. తక్కువ ధర చూపి, డబ్బు చెల్లించు వేళకు ఒక్కొక్క రుసుమును కలుపుట మఱియొకటి. ఇట్టివానిని పదమూడింటిని పేర్కొని, కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో నిషేధించినది. అంగడిలో మాయమాటలు క్రొత్తవి కావు. సంతలో గాజులమ్మువాడును చెప్పును. కాని వాడు అందఱికి నొక్క మాటయే చెప్పును. మన ఖాతా చేతనున్న వాడు, ఎవరికి ఏ మాట తగులునో ఎఱిగి ఆ మాటనే చెప్పగలడు. ఎవరు అర్ధరాత్రి నిద్రపట్టక ఫోను చూచుచుందురో, ఎవరు ఒక వస్తువును మూడుమారులు చూచి వదలిరో వానికి తెలియును. కొనుగోలును గుట్టును వేఱువేఱు విషయములుగా చూడరాదని మేమనుట ఇందుకొఱకే. గుట్టు పోయిన చోటనే జేబునకు చిల్లి పడుచున్నది.

పోయినది జేబులోని డబ్బే యైనచో ఇంత వ్రాయకుందుము. మాకు దగ్గఱి చుట్టముల యింట మూడేండ్ల క్రిందట జరిగిన సంగతి యొకటి చెప్పెదము. ఆ యింటి కోడలికి నెల తప్పినది. అంతకుముందొకమారు నిలువలేదు గనుక మూడవ నెల నిండువఱకు ఎవ్వరికిని చెప్పవలదని భార్యాభర్తలు అనుకొనిరి. ఆ పిల్ల తన ఫోనులో ఏమి తినవచ్చును, ఏమి తినరాదు అని చూచుకొన్నది. నడుముకు ఆనుకొను దిండొకటి వెదకినది. వారము తిరుగకముందే, ఇంటి వైఫై మీదనే నడచు అత్తగారి ఫోనులో ఉయ్యాలలు, పసిపిల్లల నూనెలు కనబడ నారంభించినవి. ఆమె అమాయకురాలు కాదు, గ్రహించినది. "నాకు చెప్పక ఫోనునకు చెప్పితివా తల్లీ?" యని యడిగినది. కోపముతో అడుగలేదు, చిన్నబుచ్చుకొని యడిగినది. కోడలికేమి చెప్పవలెనో తోచలేదు. అత్తకు తానే కూర్చుండబెట్టి చెప్పవలెనని ఎదురుచూచుచుండిన శుభవార్త అది.

ఆ గర్భమును నిలువలేదు. ఇంటివారందఱు ఆ మాట యెత్తుట మానిరి. ఫోను మానలేదు. పసిపిల్లల చొక్కాలు, పాలసీసాలు, లాలపోయు తొట్లు లెక్కప్రకారము ఒకదానివెంట నొకటి వచ్చుచునే యుండెను. నెలలు గడచినకొలది బిడ్డ పెరుగుచున్నట్లే ప్రకటనలును పెరిగినవి. ఆ పిల్ల వానిని ఒక్కొక్కటిగా తొలగించుచు కూర్చుండుట మేము కన్నులార చూచితిమి. ఇట్టి దుఃఖమునే 2018లో వాషింగ్టను నగరపు పత్రికారచయిత్రి యొకరు బహిరంగలేఖగా వ్రాసి సాంకేతిక సంస్థలను ప్రశ్నించిరి గనుక, ఇది మన చుట్టముల యింటి కష్టము మాత్రమే కాదు. ఇందు ఎవరిని నిందింతుము? ఏ మనిషియు ఆ పిల్లను పొంచి చూడలేదు. ఏ మనిషియు పగబట్టలేదు. ఉయ్యాల కొనునట్టి స్త్రీ యని ఆమె పేరు ఒక పట్టికలో పడినది. ఉయ్యాల అక్కరలేకపోయినదని ఆ పట్టికకు చెప్పు దిక్కు లేకపోయినది. శెట్టిగారైనచో మఱునాడే విని, కొన్నాళ్లు ఆ యింటివారి యెదుట పిల్లల మాటయే యెత్తక ఊరకుండును.

"మాకు దాచవలసినదేదియు లేదు, చూచుకొననిండు" అని కొందఱు మిత్రులందురు. దాచవలసినది నేడు లేకపోవచ్చును. రేపటి సంగతి వారెట్లు చెప్పగలరు? పైగా మన ఫోనులోని గుట్టు మన యొక్కరిదే కాదు. 2020లో కరోనా వ్యాధిచే పనులు పోయిన దినములలో తెలంగాణమున జరిగినదానిని జ్ఞాపకము చేసికొనుడు. అప్పిత్తుమను యాప్‌లు వెలసినవి. హామీ లేదు, తాకట్టు లేదు. ఫోనులోని చిరునామాల జాబితాను, ఫోటోలను చూచుటకు అనుమతించినచో చాలును. అదియే తాకట్టని తీసికొన్నవారికి తెలియదు. గడువు దాటినంతనే బంధువులకు, స్నేహితులకు, పనిచేయు చోటి యజమానులకు "వీడు దొంగ" యని సందేశములు పోయినవి. ఆడువారి ఫోటోలను వికృతముగా మార్చి పంపిరి. ప్రాణములు తీసికొన్నవారు కలరు. ఆ డిసెంబరులో హైదరాబాదు, సైబరాబాదు పోలీసులు కేసులు పెట్టి పలువురిని నిర్బంధించిరి. తరువాత రిజర్వు బ్యాంకు విచారణ సంఘమును నియమించి, 2022 సెప్టెంబరులో అప్పుల యాప్‌లు చిరునామాల జాబితాను, ఫోటోలను, పిలుపుల పట్టికను ముట్టరాదని శాసించినది. చిన్న యప్పునకు వందమంది చుట్టముల నంబర్లను తాకట్టుపెట్టితిమని ఎవ్వరును అనుకొనలేదు. "సమ్మతము" అను మీటను నొక్కిరి, అంతే.

ఈ విషయమున మన న్యాయస్థానములు చాలకాలమునుండి తర్కించుచున్నవి. అందు తెలుగువారి పాలును కలదు. ఉత్తరప్రదేశములో ఖడక్ సింగ్ అను వ్యక్తి యింటికి పోలీసులు రాత్రివేళ పోయి తలుపు తట్టుచుండగా, ఆ వ్యాజ్యెములో 1962లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. రాత్రి తనిఖీలు చెల్లవన్నది గాని, గుట్టు రాజ్యాంగములో చెప్పబడిన హక్కు కాదని అధికసంఖ్యాకులు తలచిరి. రాజమహేంద్రవరమున జన్మించిన న్యాయమూర్తి కోకా సుబ్బారావుగారు వారితో నేకీభవింపక, వ్యక్తిస్వాతంత్ర్యములో గుట్టు అంతర్భాగమని వేఱుగ వ్రాసిరి. 2017 ఆగస్టు 24వ తేదీన తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకకంఠముగా గుట్టు ప్రాథమిక హక్కని చెప్పినప్పుడు, నిలిచినది ఆ అల్పసంఖ్యాక మతమే. ఈ నడుమ మన రాష్ట్రమునకే సంబంధించిన వ్యాజ్యెమొకటి నడచినది. స్టాంపుల చట్టమునకు ఆంధ్రప్రదేశము 1986లో చేసిన సవరణ ప్రకారము, కలెక్టరు అధికార మిచ్చిన యెవ్వరైనను బ్యాంకులోనికి పోయి ఖాతాదారుల కాగితములను చూడవచ్చును. దీనిని చెల్లదన్న హైకోర్టు తీర్పును 2004 నవంబరులో సుప్రీంకోర్టు నిలిపినది. కాగితము మన యిల్లు విడిచి బ్యాంకు చేరినంతమాత్రమున దాని గుట్టు పోదనియు, గుట్టు స్థలమునకు కాక మనిషికి చెందినదనియు ఆ తీర్పు సారాంశము. నేటి అంగడికి ఈ సూత్రము ఎంత చక్కగా సరిపోవునో చూడుడు. మన మాటను వ్యాపారికి ఒక పనికై యిచ్చినంతమాత్రమున అది వాని సొత్తు కాదు.

2023లో వ్యక్తిగత సమాచార రక్షణకు చట్టమేర్పడినది. 2025 నవంబరులో నియమావళి వెలువడినది. వ్యాపారుల ముఖ్యబాధ్యతలు అటుపిమ్మట పదునెనిమిది నెలలకుగాని అమలునకు రావని గడువిచ్చిరి. ప్రభుత్వమునకిచ్చిన మినహాయింపులు మితిమీరినవని మా యభిప్రాయము. అయినను అందు మన గృహములకు పనికివచ్చు మాటలు మూడు కలవు. సమ్మతి యడుగు నోటీసును తెలుగులో చదువుకొను నవకాశము మనకీయవలెను. సమ్మతి యిచ్చుట యెంత సులభమో, దానిని వెనుకకు తీసికొనుటయు నంత సులభముగా నుండవలెను. పదునెనిమిదేండ్లు నిండని పిల్లల నడవడిని వెంబడించి వారికి ప్రకటనలు గుఱిపెట్టరాదు. ఇవి కాగితము మీదనే యుండునా, యింటికి వచ్చునా యనునది మనము అడుగుటనుబట్టి యుండును.

అడుగుట మనకలవాటు లేదు. మొన్న నొక బట్టల దుకాణమున జాకెట్టుగుడ్డ కొని డబ్బు చెల్లింపబోగా, అక్కడి పిల్ల ఫోను నంబరడిగినది. ఇయ్యమంటిమి. "నంబరు లేనిదే బిల్లు రాదండీ" యన్నది. కొనుగోలుదారును నంబరునకు నిర్బంధింపరాదని 2023 మేలో వినియోగదారుల శాఖ వర్తకులకు తెలిపినదమ్మా, యని మెల్లగా చెప్పితిమి. వెనుక నిలిచినవారు విసుగుకొనిరి; ఇంత చిన్నదానికి ఇంత రభస యేలయని ఒకరన్నారు. ఆ పిల్ల ఒక నిమిష మాలోచించి పది సున్నలు కొట్టినది. బిల్లు వచ్చినది. మా వెనుక నున్న యొక ముసలమ్మగారు తన వంతు రాగానే "నాకును సున్నలే కొట్టు తల్లీ" యనిరి.

ఇంతవఱకు వర్తకుని దూషించితిమి. ఇక మన యిండ్లవైపు తిరుగవలెను. పై సంగతులు విన్నవెంటనే కొందఱు ఇంటిపెద్దలు చేయు మొదటి పని యేమి? కూతురి చేతిలోని ఫోను లాగికొందురు. భార్య ఫోనునకు తాళము తీయించి, ఏమి కొన్నది, ఎవరితో మాటాడినది యని పరిశోధింతురు. ఇది రక్షణ కాదు. వర్తకుడు చేయు పనినే ఇంటిలో తామును చేయుటయగును. వాడు చాటుగ చేయును, వీరు దబాయించి చేయుదురు, అంతియే భేదము. కోడలి పెట్టె తాళముచెవి అత్తగారి కొంగుననుండిన దినములు పోవలెనని మనము కోరితిమి గదా. ఆ తాళముచెవి నేడు ఫోను రహస్యాంకముగా మారినది. భార్య గుట్టును మన్నింపని భర్తకు, తన గుట్టును వర్తకుడు మన్నింపలేదని ఫిర్యాదు చేయు నర్హత యెక్కడిది? ఇంటిలో నొకరి మాట నొకరు మన్నించుట నేర్చిన పిల్లలే రేపు అంగడిలోను తమ మాటకు మన్ననను కోరగలరు.

మా యింట మేము పాటించునవి కొన్ని కలవు. ఒకరి ఫోనును మఱియొకరు అడుగక తెఱువరు. ఇది పెద్దలకును వర్తించును. పండుగ బట్టలును, మందులును, నిత్యావసరములును తప్ప, బుట్టలో వేసిన దేదైనను ఒక రాత్రి నిద్రపోయి లేచిన తరువాతనే కొందుము. ఉదయమునకు సగము బుట్ట ఖాళీయగుచున్నది. దీపము వెలిగించు యాప్ చిరునామాల జాబితా యడిగినచో దానిని తీసివేయుదుము. ఫోను అమరికలలోని ప్రకటనల గుర్తింపును తొలగించితిమి. పసిపిల్లల ఫోటోలను, పుట్టినదినములను లోకమునకు చాటము. విసిగించు వ్యాపారపు పిలుపులకు 1909కు చెప్పి ఆపించుకొంటిమి. అంగడిలో మోసము జరిగినచో 1915కు చెప్పవలెనని పిల్లలకు నేర్పితిమి. ఇవి చిన్నపనులు. వీనిచేత పెద్ద సంస్థలు కదలునని మేము భ్రమపడుట లేదు. అందుకు చట్టమును, దానిని నడిపించు దిట్టతనమును కావలెను. కాని చట్టమును అడుగువారు లేనిచోట అది పుస్తకములోనే నిద్రించును.

కావున మా ప్రార్థన యొకటి. ఊరూర డ్వాక్రా సంఘములు కూడుచున్నవి. గ్రంథాలయములు తెఱచియే యున్నవి. కళాశాలలలో ఫోను పని బాగుగ తెలిసిన పిల్లలు వేలకొలది యున్నారు. నెలకొక యరగంట, ఆ పిల్లలు వచ్చి తల్లుల ప్రక్కన కూర్చుండి, ఏ యాప్‌నకు ఏ యనుమతి యిచ్చియున్నారో ఒక్కొక్కటిగా తీసి చూపింపవలెను. అక్కరలేనిదానిని తల్లి చేతనే తీయింపవలెను గాని తాము లాగికొని తీయరాదు. "సమ్మతము" అని కనబడిన చోట దేనికి సమ్మతమో తెలుగులో చదివి చెప్పుకొనవలెను. తెలుగులో లేనియెడల తెలుగులో ఇమ్మని వ్రాసి యడుగవలెను. ఒక సంఘములో పదిమంది యడిగినచో రెండవ నెల ముప్పదిమంది యడుగుదురు. ఈ పనికి ధనము అక్కరలేదు. వచ్చు నెలలోనే మొదలుపెట్టవచ్చును.